ఇప్పుడే టిఫిన్ చేసి వచ్చామండీ

ప్రార్థనకు నిలబడితే మన క్రైస్తవ విశ్వాసుల నోట ముందుగా వచ్చే మాటలు ‘అల్పుణ్ణి, ధూళిని’. దేవుడి ముందు తగ్గడం తేలికే, అక్కడ పోటీకి వచ్చేవాళ్లెవరూ ఉండరు. అదే విశ్వాసి కూతురి పెళ్లికి పేపర్లో ఇచ్చే ప్రకటనలో మాత్రం ‘రక్షణ పొందిన’ అన్న మాట పక్కనే కులం పేరూ ఉంటుంది. గుంటూరు, విజయవాడ పాఠకులకు ‘ఆర్‌సీఎం రెడ్డి’, ‘ఆర్‌సీఎం కమ్మ’ కొత్త మాటలేమీ కావు; ఆ ఆర్‌సీఎం అంటే రోమన్ కేథలిక్ మిషన్.

దీనికి చరిత్ర ఉంది. 1842 జూలై 31న అమెరికా మిషనరీ హయ్యర్ దొర గుంటూరు చేరి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన తర్వాత, కోస్తాలో సువార్త ఎక్కువగా చుట్టరికాల వెంటే నడిచింది. ఒక ఇల్లు నమ్మితే బావమరిది ఇల్లు, ఆ వెనుక వాడంతా బాప్తిస్మం తీసుకునేది. గుంటూరు లూథరన్లలో మాలలు, ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ కావడం వెనుక ఉన్నది ఇదే. దేవుడు మారాడు, పిల్లనిచ్చే గీత మాత్రం ఉన్నచోటే ఉంది. అలా పేరుకున్నది ఒక ప్రసంగంతో పోదు.

యేసు శిష్యుడు, యూదుడు అయిన పేతురుకూ ఒక్క దర్శనంతో పోలేదు. యొప్పేలో మిద్దె మీద ఉండగా, యూదులు తినకూడని జంతువులతో ఆకాశం నుంచి దుప్పటి దిగి, తినమన్న స్వరం వినిపించినప్పుడు ‘నిషిద్ధమైనది ఎన్నడూ తినలేదు’ అన్నాడు. అందులో ద్వేషం లేదు, నిష్ఠ ఉంది. వివక్ష మన దగ్గరా నిష్ఠ వేషంలోనే తిరుగుతుంది. ఆ తర్వాత అతను చేసిన పనులు చూడండి. యూదుడు కాని రోమా శతాధిపతి కొర్నేలీ పంపిన మనుషులను లోపలికి పిలిచి ఆ రాత్రి ఆతిథ్యమిచ్చాడు. మర్నాడు బయల్దేరి కైసరయకు తనే వెళ్లాడు. కాళ్లమీద పడిన శతాధిపతిని లేవనెత్తి ‘నేనూ మనిషినే’ అన్నాడు. నన్నెందుకు పిలిచారని అడిగి, చెప్పింది విన్నాకే నోరు తెరిచాడు. కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాడు. తిరిగి యెరూషలేము వచ్చాక అతని మీద మోపిన నేరం, బోధించాడని కాదు, వాళ్లింట్లో భోజనం చేశాడని!

మనకూ చిక్కంతా ఆ భోజనం దగ్గరే. సంఘ పెద్దలు వాడలోకి కూటానికి వెళతారు, పాడతారు, ప్రార్థిస్తారు. విస్తరి వేసే వేళకు ‘ఇప్పుడే టిఫిన్ చేసి వచ్చామండీ’. మరీ బలవంతం చేస్తే థమ్సప్ తెప్పించమంటారు. మూత తీయని సీసాకు మైల అంటదు కదా.

దీన్ని మార్చాలంటే భోజనానికే వస్తున్నామని రెండు రోజుల ముందు చెప్పాలి. ఏం వండాలో చెప్పకూడదు, ఇంటినుంచి క్యారేజీ తేకూడదు. కుర్చీ వేసినా, ఆ ఇంటివాళ్లు చాపమీద కూర్చుంటే చాపమీదే కూర్చోవాలి. పేపర్ ప్లేటు అడగకుండా వాళ్లు తినే కంచంలోనే తినాలి. ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారా, ఆ ఇల్లు మీ సాక్ష్యానికి సరుకైపోయినట్టే. ముందు మనం వెళ్లాకే వాళ్లను మనింటికి పిలవడం బాగుంటుంది. పిలిచేవాడి చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది మరి.

తగ్గింపు గురించి వాడలో చేసే ప్రసంగాలు ఇకనైనా తగ్గించుకుంటే మంచిది. ఆ పాఠం కావలసింది ముందువరస కుర్చీలకు.

యేసు శిష్యుల పాదాలు కడిగినందుకు గుర్తుగా పవిత్ర గురువారం పాదాలు కడిగే ఆచారం కూడా చాలాచోట్ల ముందే ఇంట్లో తోముకొచ్చిన పన్నెండు మంది పెద్దల పాదాలతో ముగుస్తుంది. కేథలిక్కుల్లో 2016 నుంచి స్త్రీలనూ ఆ వరుసలో కూర్చోబెట్టవచ్చు. పేర్లు అప్పటికప్పుడు చీటీ తీసి పిలవొచ్చు. చర్చి ఊడ్చే ఆమె పేరూ ఆ డబ్బాలో పడాలి. ఆమె చేత పెద్దల కాళ్లు కడిగిస్తే మాత్రం అదేమీ కొత్త ఆరాధన కాదు, రోజూ జరిగేదే.

ఇన్ని చేసినా పాత బుద్ధి మళ్లీ వస్తుంది. అన్యులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తిన్న పేతురే అంతియొకయలో, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుంచి మనుషులు రాగానే బల్ల దగ్గరనుంచి తప్పుకున్నాడు. అపొస్తలుడు పౌలు చెప్పిన కారణం భయం, సొంతవాళ్ల భయం. మన ఇళ్లలో దాని పేరు ‘పెద్దత్తయ్య ఏమంటుందో’. వాడలో కంచం ముందు కూర్చోవడం కన్నా, ఇంటికొచ్చి అక్కడ తిన్నానని ఆమెకు చెప్పడమే కష్టం. పౌలు పేతురును అందరి ముందే నిలదీశాడు. దానికి పేతురు ఏమన్నాడో పౌలు రాసిన గలతీ పత్రికలో లేదు.