మూత పెడితే మూగనోము

మా మామగారు మొదటిసారి అమెరికా వస్తున్నారని తెలియగానే నేను చేసిన పని ఒక పాత పడవ కొనడం. ఆయనది కోనసీమ, కాలవ గట్టు మీద నాలుగడుగులు వెయ్యకపోతే పొద్దు గడవదు. మేమేమో డాలస్‌కి ఉత్తరాన ఉంటాం, ఇక్కడ నీళ్ళంటే ఆనకట్ట కట్టి నిలబెట్టిన లూయిస్‌విల్ సరస్సే. పోనీ అందులోనే తిప్పుదామనుకున్నా.

పన్నెండడుగుల అల్యూమినియం పడవ, దాని వెనకాల 1970ల నాటి 4 హార్స్‌పవర్ మోటారు. ఒకటే సిలిండరు, పెట్రోలుకి నిప్పంటించే స్పార్క్ ప్లగ్గూ ఒకటే, తాడు లాగి స్టార్ట్ చెయ్యాలి. అమ్మినాయన వాళ్ళ ఇంటి ముందు పెద్ద చెత్త డబ్బాలో నీళ్ళు నింపి, మోటారు కింది భాగం అందులో ముంచి, పై మూత తీసి పక్కన పెట్టి, రెండో లాగుడుకే స్టార్ట్ చేసి చూపించాడు. మూత తీసి అన్న ముక్క మీరైనా గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

మొదటి ఆదివారం. మామగారు పంచె మీద లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. ఒడ్డున మా ఆవిడ ఫోన్‌తో వీడియో తీస్తోంది. నేను లోపల చోక్ అదీ చూసుకోవాలని మూత తీసి స్టార్ట్ చేశాను, బ్రహ్మాండంగా అందుకుంది. కొంచెం దూరం వెళ్ళాక ఆయన, "అల్లుడు గారూ, ఆ చక్రం అలా తిరుగుతుంటే నా కండువా లాక్కునేలా ఉందండి, మూత పెట్టెయ్యండి" అన్నారు. పెట్టాను. టప్పున ఆగిపోయింది.

తాడు లాగాను. లాగుతూనే ఉన్నాను. భుజం వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతుందేమో అనిపించాక మూత తీసి ప్లగ్గు విప్పి చూస్తే తడిగా, పెట్రోలు వాసన కొడుతోంది. అంటే పెట్రోలు సరిగానే వస్తోంది, నిప్పే లేదు. తుడిచి బిగించి లాగితే ఒక్క దెబ్బకి స్టార్ట్! హమ్మయ్య అనుకుని మూత పెట్టాను. మళ్ళీ ఆగింది. మళ్ళీ ప్లగ్గు విప్పాను, ఈసారి జేబురుమాలుతో ఇంకా శుభ్రంగా తుడుద్దామనుకున్నాను, అది చేతిలోంచి జారి బుడుంగుమంది. ఇంకో ప్లగ్గు లేదు. తెడ్లు ఉన్నాయి.

ఈ రకం మోటార్లను 1909లో అమ్మడం మొదలుపెట్టిన ఓలే ఎవిన్‌రూడ్, ఎండలో తెడ్డేసుకుంటూ వెళ్ళి ఐస్‌క్రీమ్ తెచ్చేలోపు అది కరిగిపోయిందని విసుగొచ్చి ఈ పనికి పూనుకున్నాడని చెబుతారు. మా పులిహోరకి ఆ ఇబ్బంది లేదు, కరిగింది నేనే.

"దానికి ఊపిరాడట్లేదండి. ఈ ఎండలో మూత పెడితే ఉక్కపొయ్యదా మరి?" అన్నారు మామగారు, పులిహోర తింటూ. నేను నవ్వి ఊరుకున్నాను, ఇంజనీరుని కదా. సాఫ్ట్‌వేరే అనుకోండి.

ఇంటికొచ్చి కొత్త ప్లగ్గు వేసి, మేమూ ఒక చెత్త డబ్బాలో నీళ్ళు నింపాం. మూత తీసి ఉందేమో, ఒక్క లాగుడుకే పాట అందుకుంది. నూనె కలిపిన పెట్రోలు పొగ వీధంతా కమ్ముకుంటే మామగారికి తన పాత స్కూటరు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి, మా కాలనీ సంఘానికి మాత్రం ఏమీ గుర్తురాలేదు, వారంలో ఉత్తరం వచ్చింది.

"బ్యాటరీ లేదు కదండీ, మరి నిప్పెక్కణ్ణుంచి వస్తుంది?" అని అడిగారాయన. సైకిల్ డైనమో లాంటిదే అన్నాను. చక్రంలో అయస్కాంతాలుంటాయి, అవి కాయిల్ అనే తీగచుట్ట పక్కనుంచి తిరిగితే కరెంటు పుడుతుంది, పాయింట్లనే చిన్న స్విచ్చు సరిగ్గా సమయానికి విడిపోతే అది ఒక్కసారి ఎగిరి ప్లగ్గు దగ్గర నిప్పవుతుంది. చెప్పడం ఎంత బాగా వచ్చిందంటే, నాకే ధైర్యం వచ్చేసి చక్రం ఊడదీశాను. దాన్ని లాగడానికో పనిముట్టు, కొత్త కాయిల్, కండెన్సర్, పాయింట్లు, అన్నీ కలిపి నూట అరవై డాలర్లు. పాత కాయిల్‌కి ఏ రోగమూ లేదని తర్వాత తెలిసింది.

రెండో ఆదివారం. కొత్త సామాన్లు, రెండు స్పేర్ ప్లగ్గులు, మళ్ళీ పులిహోర. బయల్దేరాం, మూత పెట్టాను, ఆగిపోయింది. ఈసారి మామగారు నేను అడక్కుండానే తెడ్డు అందుకున్నారు.

ఆ రాత్రి మా ఆవిడ వీడియోలు చూస్తూ, "ఏవండీ, రెండింట్లోనూ మీరు మూత పెట్టగానే ఆగింది. డబ్బాలో పెట్టిన రోజు అసలు మూతే పెట్టలేదు. ఆ మూత కిందేముందో చూడరాదూ?" అంది, అదేదో కుక్కర్ విజిల్ సంగతి అయినట్టు.

టార్చి పట్టుకుని చూశాను. మోటారు ఆపే బటన్‌ ఉంటుంది కదా, అది నొక్కితే కాయిల్ కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఎర్త్‌కి, అంటే ఇంజను ఒంట్లోకే వెళ్ళిపోతుంది. ఆ బటన్ వైరు తొడుగు ఒకచోట పగిలి రాగి బయటపడింది, సరిగ్గా అక్కడే మూత అంచు దాన్ని నొక్కి ఇంజను లోహానికి ఆనిస్తోంది. అంటే రెండు ఆదివారాలుగా మూత పెట్టిన ప్రతిసారీ స్టాప్ బటన్ నేనే నొక్కుతున్నాను! నిప్పు రావట్లేదంటే, కాయిల్ కొనేముందు ఆ స్టాప్ వైరు ఊడదీసి చూడాలట, ఐదు నిమిషాల పనట. ఆ రెండు 'ట'లకీ కలిపి నూట అరవై.

వైరుకి జానెడు టేపు చుట్టి, అంచుకి తగలకుండా పక్కకి కట్టాను. మూడో ఆదివారం మూత పెట్టినా ఆగకుండా లేక్‌లో చక్కగా ఓ చుట్టు తిరిగొచ్చాం. ఒడ్డుకి చేరగానే మామగారు అమలాపురం ఫోన్ కలిపారు.

"ఆయ్, నేను మొదటి రోజే చెప్పానండీ బావగారూ, మూత పెడితే దానికి ఊపిరాడట్లేదని. ఇంజనీర్లు కదండీ, వింటారా మరి..." మధ్యలో నా వైపు తిరిగి, "ఆ వైరుని ఏవంటారన్నారండీ?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోయారు.