0.05 మహాత్మ్యం

మనశ్శాంతి ఆర్కే బీచ్‌లో నడిచేవారికి ఎక్కువా, గాజువాకలో జిమ్ముకు వెళ్లేవారికి ఎక్కువా అన్న ప్రశ్నకు మన పెద్దలు ఇంతకాలం అనుభవంతో జవాబు చెప్పి శాస్త్రానికి తీరని అన్యాయం చేశారు. ఇకమీదట విశాఖలో ఇటువంటి ఏ తగవునైనా రెండు స్వతంత్ర సమూహాల సగటులను పోల్చే టీ పరీక్షతోనే తేల్చాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్, సొంత పేరుతో రాయడానికి యాజమాన్యం ఒప్పుకోనందున, 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో దీనికి మూలమైన వ్యాసం ప్రచురించాడు. బీరు కోసం పుట్టిన లెక్క మనశ్శాంతికి పనికిరాదని ఎవరనగలరు?

మొన్న ఆదివారం పొద్దున్న ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి ఎదుట ఒక పరిశోధక విద్యార్థిని మా పక్కింటి బాబాయి గారికి పది ప్రశ్నల కాగితం అందించింది. కళ్లజోడు ఇంట్లో మరచి వచ్చిన ఆయన ఒకటి నుంచి అయిదు దాకా ఉన్న అంకెల్లో వరసగా నాలుగుకే సున్నా చుట్టుకుంటూ వెళ్లారు. పదోదానిమీద చెమట బొట్టు పడి సిరా అలుక్కుపోయింది. “ఏదో ఒకటి వేసెయ్ తల్లీ, నీకు తెలీందా” అన్నారు. అల్లుడు కట్టిన ఫీజు వృథా పోకూడదని ఆయన సాయంత్రాలు గాజువాక జిమ్ముకూ వెళతారు, అక్కడి కాగితమూ నింపారు. ఒకే మనిషి రెండు వైపులా ఉంటే అవి స్వతంత్ర సమూహాలు కావని పాఠ్యపుస్తకం గొణుగుతుంది గాని, రెండు జాబితాల్లో పేరుండటం మనకు కొత్తా?

సముద్రానికెదురుగా ఫ్లాటు కొనగలిగినవాడి ప్రశాంతత నడకవల్ల వచ్చిందా, ఫ్లాటువల్ల వచ్చిందా అని టీ పరీక్ష అడగదు. దానికా సంస్కారం ఉంది. అసలు తేడాయే లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకుమించిన తేడా, యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఎంతన్నది మాత్రమే, ఆ పరీక్ష చివర వచ్చే పి విలువ చెబుతుంది. దానికి గణాంక శాస్త్రవేత్త ఫిషర్ తన 1925 నాటి పుస్తకంలో సౌకర్యం కోసం వాడిన 0.05 నేడు లక్ష్మణరేఖ. 0.049 వస్తే గైడు గారింట పాయసం, 0.051 వస్తే “ఇంకో పదిమందిని పట్టుకురా అమ్మా.”

ఆ పట్టుకురావడంలోనే మహిమంతా ఉంది. సగటులు 52, 50 మార్కులు అనుకుందాం, రెండు వైపులా ప్రామాణిక విచలనం, అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరాయన్న కొలత, 10. టీ విలువ పెరిగేకొద్దీ పి విలువ తగ్గుతుంది. ముప్ఫయ్యేసి మంది ఉంటే టీ విలువ 0.77, అంటే పరిశోధన మట్టిపాలు. వెయ్యేసి మంది ఉంటే అదే 4.47, అంటే ఘనవిజయం. తేడా మాత్రం అవే రెండు మార్కులు, తేడా ఎంత పెద్దదో చెప్పే కోహెన్ కొలమానంలో 0.2, అంటే ‘చిన్నది’. లారీల్లో జనాన్ని తోలితే సభ విజయవంతమైనట్టే ఇదీను. విచలనాలు సమానం కాకపోతే ఏం చేయాలో వెల్చ్ అనే గణాంకవేత్త 1947లోనే చెప్పాడు కనుక కంప్యూటరు సమానమనుకుని ఒకటి, కాదనుకుని ఒకటి, రెండు వరసలు అచ్చువేస్తుంది. ఏ వరసలో పి విలువ చిన్నదో ఆ వరసే సత్యమని మా ప్రతిపాదన.

అలుక్కుపోయిన పదో ప్రశ్నకు ఆ అమ్మాయి కాస్త ఆలోచించి మూడు వేసింది. బాబాయి గారు సగటున 3.9 ప్రశాంతతతో ఇడ్లీ బండి వైపు నడిచారు.