తాళం వేసి ఉన్న మా టెర్రస్ గారికి

టెర్రస్ గారికి నమస్కారం.

మీరు మా నెత్తి మీదే ఉంటారు గానీ, మిమ్మల్ని కలవాలంటే ప్రెసిడెంట్ గారి పర్మిషన్ కావాలి. తాళం ఆయన దగ్గర, డూప్లికేట్ వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఊరెళ్తే ఎవరి దగ్గరో ఆ దుర్గమ్మకే తెలియాలి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డుకి అంటిస్తాను. మీ దాకా ఎలాగూ రాదు, లిఫ్ట్ కోసం నిలబడ్డవాళ్లయినా చదువుతారు.

ముందు మీ ఆరోగ్యం. విజయవాడ సింగ్‌నగర్ మే నెల ఎండని పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కరే తాగుతున్నారని తెలుసు. రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు. ఫ్లాట్లలో రోళ్లెక్కడివి, పగిలితే మీ మీద పోసిన వాటర్‌ప్రూఫింగే పగులుతోంది. తాగిన వేడంతా కడుపులో దాచుకుని రాత్రి తొమ్మిదింటికి పై అంతస్తు బెడ్‌రూముల్లోకి వదులుతారు. కాంక్రీటు గుణమే అంత, మిమ్మల్ని అని లాభం లేదు. అక్కడివాళ్లు ఏసీ 18లో పెట్టి దుప్పటి కప్పుకుంటారు. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 దగ్గర ఆన్ అయ్యేలా రూలు పెట్టారు కదా, ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు 6 శాతం మిగులుతుందని కూడా చెప్పారు. మావాళ్లు మాత్రం ఆ 24ని ఆన్ చెయ్యగానే కిందికి నొక్కాల్సిన నంబరు అనుకున్నారు. లోపలి వేడిని ఏసీ బయటి యూనిట్ పక్క బ్లాకు కిటికీలోకి ఊదుతుంది, దాంతో వాళ్లూ కిటికీ మూసి ఏసీ వేస్తారు, అది మళ్లీ ఇటు ఊదుతుంది. ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకోవడాలు మా కాలనీలో ఇంకా బతికే ఉన్నాయి.

ఇంత కరెంటు ఎక్కణ్ణించి వస్తోందంటే, ఊరు దాటగానే ఇబ్రహీంపట్నంలో పొగ గొట్టాలు కనిపిస్తాయి చూడండి. ఒడిశాలోని తాల్చేరు నుంచీ మన సింగరేణి నుంచీ రైళ్లలో బొగ్గు తెచ్చి కాలుస్తారు, బూడిద అక్కడి ఊళ్లవాళ్లకి, చల్లదనం మాకు. మన దేశం గ్రిడ్ మొత్తం మీద సగటు తీస్తే యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టు, ఇంత ఎండని నెత్తిన పెట్టుకుని ఒడిశా దాకా వెళ్తున్నాం.

ఇక మీ మీద ఏమేం ఉన్నాయంటే, నాలుగు సింటెక్స్ ట్యాంకులు, పనిచెయ్యని డిష్‌లు, ఎవరో బాత్రూమ్ మార్పించుకున్నప్పుడు పెట్టిపోయిన పాత కమోడు (అది ఈశాన్యంలో ఉంది, దాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు), వినాయక చవితి పందిరి గుంజలు, సెల్ టవర్. టవర్ తీర్మానం పది నిమిషాల్లో పాసయింది. అద్దె వస్తుందనగానే రేడియేషనూ లేదు, స్లాబు బరువూ లేదు, వాస్తూ లేదు. డల్లాస్‌లో ఉండే ఓనరు అక్కడ అర్ధరాత్రి లేచి మరీ వాట్సాప్‌లో బొటనవేలు చూపించాడు.

అదే సోలార్ అనగానే సివిల్ ఇంజినీర్లు, సిద్ధాంతులు ఎక్కణ్ణించి పుట్టుకొచ్చారో!

లెక్క చెప్తాను, మీరే వినండి, మీటింగులో ఎవరూ విన్లేదు. ఒక కిలోవాట్‌కి మీ ఒంటి మీద ఇంచుమించు వంద చదరపు అడుగులు చాలు. రోజుకి సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. పది కిలోవాట్లు పెడితే రోజుకి నలభై, అంటే లిఫ్టు, బోరు మోటారు, సెల్లారు లైట్లు, మెట్ల లైట్లు వాడే కామన్ మీటర్‌లో చాలా భాగం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇండివిడ్యువల్ ఇంటికి మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ అన్నది అందరికీ తెలుసు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి కూడా కామన్ అవసరాల కోసం కిలోవాట్‌కి 18,000 ఇస్తారన్నది చెబితే సెక్రటరీ గారు "మనకి రాదులెండి" అన్నారు. అప్లై చెయ్యకుండానే రాదని తెలుసుకున్న మొదటి మనిషి ఆయనే.

తర్వాత అభ్యంతరాలు. స్లాబుకి బోల్టులు వేస్తే కారుతుందన్నారు. బోల్టులు లేకుండా కాంక్రీట్ దిమ్మెల మీద నిలబెట్టొచ్చంటే, బరువన్నారు. ఎండ ఎక్కువైతే ప్యానెళ్లు పేలతాయన్నారు. పేలవు, మరీ వేడెక్కితే కరెంటు కొంచెం తక్కువ ఇస్తాయి, అంతే. కోతులన్నారు, అది కాస్త ఆలోచించాల్సిందే. చివరికి వాస్తు. నిజానికి ప్యానెళ్లు దక్షిణం వైపు వాలుగా పెట్టాలి, నైరుతిలో బరువుంటే మంచిదని వీళ్ల సిద్ధాంతే చెప్పాడు, అంటే ఈ భూమ్మీద వాస్తుకి ఇంత చక్కగా కుదిరే యంత్రం ఇంకోటి లేదు. ఆ మాట అన్నాక ఫస్ట్ ఫ్లోర్ అంకుల్ సబ్జెక్టు మార్చి, "అసలు పై వాళ్లకేగా వేడి, మాకెందుకు ఖర్చు" అన్నారు. లిఫ్ట్ రిపేరుకి కూడా ఆయనది ఇదే పాలసీ, మోకాళ్ల నొప్పులొచ్చే దాకా.

పోనీ సోలార్ పెద్ద ఖర్చు, వదిలేద్దాం. సున్నం? మీ ఒంటికి తెల్లగా సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేస్తే ఎండ వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మా తాతల కాలంలో ఎండాకాలం ముందు డాబాకి సున్నం కొట్టించేవాళ్లు, దానికి క్లైమేట్ యాక్షన్ అని పేరుంటుందని వాళ్లకి తెలీదు పాపం. ఇప్పుడు ఆ నాలుగు డబ్బాల పెయింటు ఎవరి ఖాతాలో రాయాలన్న దగ్గర ఆగిపోయింది. పై అంతస్తు వాళ్లు "కామన్ ఏరియా" అంటారు. మిగతావాళ్లు "మీ పైకప్పే కదా" అంటారు. సంక్రాంతికి గాలిపటాలు ఎగరెయ్యడానికి మాత్రం మీరు అందరి సొత్తు.

మీకు ఈ బిల్డింగులో నిజమైన చుట్టం మూడో అంతస్తు టీచరు గారొక్కరే. తన వంటింటి తొక్కల్ని కన్నాలు పెట్టిన డ్రమ్ములో వేసి, ఎండుటాకులు కప్పి, ఎరువు చేసి, ఖాళీ పెయింటు బక్కెట్లలో గోంగూర వేశారు. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టుకొచ్చి పోస్తారు. బచ్చలితీగ టవర్ కంచె మీదుగా పాకి, "ప్రమాదం" అని రాసిన ఎర్ర బోర్డులో "ప్ర" తప్ప అంతా కప్పేసింది. దానికి అసోసియేషన్ ఇచ్చిన నోటీసులో "అనధికార తోట" అని ఉంది. ఆ నోటీసు రాసిన ఇంట్లోనే పోయిన ఆదివారం గోంగూర పచ్చడి తాలింపు వాసనొచ్చింది. ఆకెక్కడిదో నేనడగలేదు.

ఇంకో మాట, 2024 సెప్టెంబర్ 1 మీకు గుర్తుండే ఉంటుంది. బుడమేరు వాగు తెల్లారేసరికి సెల్లార్లో ఉంది, మధ్యాహ్నానికి గ్రౌండ్ ఫ్లోర్ మింగేసింది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ మర్నాటికి 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజు మీ తాళం ఎవరు తీశారో, పగలగొట్టారో ఎవరూ అడగలేదు. గ్యాస్ బండ మీ మీదకే వచ్చింది, పెద్ద గిన్నెలో ఉప్మా అక్కడే ఉడికింది, డ్రోన్ వదిలిన పులిహోర ప్యాకెట్ కోసం ప్రెసిడెంట్ గారు, వాచ్‌మన్ పిల్లలు ఒకేసారి చేతులు చాపారు. ఫోన్లు ఛార్జింగ్ లేక చచ్చిపోతే, "సోలార్ ఉన్నా బాగుండేది" అన్నవాళ్లు సాక్షాత్తూ సెక్రటరీ గారు. (ఉన్నా బ్యాటరీ లేకపోతే పనిచేసేది కాదండీ. లైన్ బాగుచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా గ్రిడ్‌తోపాటే ఆగిపోతుంది. ఆ టైములో చెప్పడం ఎందుకని ఊరుకున్నాను.) నీళ్లు తగ్గాయి, బురద కడుక్కున్నాం, మీకు కొత్త తాళం కొన్నారు. బిల్లు మెయింటెనెన్స్‌లో కలిపారు.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగు. అజెండా చూశాను: పార్కింగ్ స్టిక్కర్లు, పనివాళ్లు లిఫ్ట్ ఎక్కొచ్చా కూడదా, విజిటర్ల రిజిస్టరు, ఆఖర్న "టెర్రస్ మరియు ఇతర విషయాలు, సమయాన్ని బట్టి". సమయం ఉండదు, అప్పటికి పునుగులొచ్చేస్తాయి. పైగా నేను అద్దెకున్నవాణ్ణి. చెమటా కరెంటు బిల్లూ నావి, ఓటు డల్లాస్‌ది.

అయినా ఒక చిన్న అర్జీ పెట్టాను, నీడగా ఉండే సెల్లార్లో కాకుండా ఈసారి మీటింగు మీ మీదే, మధ్యాహ్నం రెండింటికి, చెప్పులు మెట్ల దగ్గర వదిలి జరపాలని. టవర్ కంటే తొందరగానే తీర్మానం అయిపోతుందని నా అంచనా.

ఇట్లు,
పై అంతస్తులో ఉడుకుతున్న,
ఓటు లేని అద్దెదారు