సవరణ: యాక్సిలరేటర్ కార్డును వీఎఫ్‌ఐఓకు కట్టడం గురించి

పోయిన ఆదివారం పోస్టులో, యాక్సిలరేటర్ కార్డును (లెక్కలు వేగంగా చేసే అదనపు కార్డు) యూజర్‌స్పేస్ డ్రైవర్‌కు, అంటే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) బయట నడిచే డ్రైవర్‌కు ఇవ్వాలంటే, వీఎఫ్‌ఐఓ (అట్ల ఇచ్చే లైనక్స్ ఏర్పాటు) న్యూ ఐడీ ఫైల్‌లో వెండర్, డివైస్ నంబర్లు (తయారీ కంపెనీ, మోడల్ గుర్తులు) రాస్తే చాలన్నాను. చాలదు. మిర్యాలగూడ తమ్ముడొకడు అట్లనే చేస్తే అదే మోడల్ రెండో కార్డు కూడా వీఎఫ్‌ఐఓ కిందకు పోయింది, ఎందుకంటే ఆ నంబర్లుండి ఏ డ్రైవరూ పట్టుకోని కార్డులన్నిటికీ అది వర్తిస్తుంది. ఒక్కటే కావాలంటే ఆ కార్డు డ్రైవర్ ఓవర్‌రైడ్ ఫైల్‌లో వీఎఫ్‌ఐఓ-పీసీఐ (వీఎఫ్‌ఐఓ డ్రైవర్ పేరు) అని రాసి, పాత డ్రైవర్ విప్పి, మళ్లీ ప్రోబ్ (కార్డుకు డ్రైవర్‌ను వెతికించడం) చేయించాలి. లైనక్స్ 3.16 నుంచి ఉన్నదే, నేనే బద్ధకించి రాయలేదు.

ఇంకోటి, ఇదే అసలు తప్పు: ఐఓఎంఎంయూ (కార్డులు మెమరీలో ఎక్కడ ముట్టుకోవచ్చో హద్దు పెట్టే హార్డ్‌వేర్) లేకున్నా నో-ఐఓఎంఎంయూ మోడ్‌తో ఫర్వాలేదన్నాను. నడుస్తుంది, కానీ కార్డు డీఎంఏతో (ప్రాసెసర్‌తో పని లేకుండా నేరుగా మెమరీని చేరే పద్ధతి) మెమరీలో ఎక్కడైనా రాయగలదు, అందుకే కెర్నల్ తనకు తానే టెయింట్ ముద్ర (ఇక పూర్తిగా నమ్మలేం అనే గుర్తు) వేసుకుంటుంది. బయోస్‌లో వీటీ-డీ (ఇంటెల్ ఐఓఎంఎంయూ పేరు) లాంటిది ఆన్ చేసుకోండి.

ఐఓఎంఎంయూ గ్రూపుల (ఒకదాన్నుంచి ఒకటి వేరు చేయలేని కార్డుల జట్లు) మాట మర్చిపోయాను. మా నల్లగొండ పొలాల్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద నాలుగు బోర్లుంటే ఏబీ స్విచ్ దించితే నాలుగూ ఆగుతాయి కదా, అట్లనే ఐఓఎంఎంయూ గ్రూపులో ఒక్క కార్డునే విడదీయలేం. బ్రిడ్జిలు (పీసీఐ లైన్లను కలిపేవి) తప్ప మిగతావాటినీ వాటి కెర్నల్ డ్రైవర్ల నుంచి విప్పాల్సిందే.