సండూరు ఇనుప ఖనిజం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇనుప ఖనిజం గారి సముఖానికి,

బెంగళూరులో అద్దె ఇంట్లో కాపురముంటున్న బళ్ళారి తెలుగువాడు నమస్కరించి వ్రాసుకొనునది. ఇక్కడ మేము క్షేమం. మీరు ఇప్పుడు ఎక్కడున్నారో సరిగా తెలియదు కనుక చైనా రేవుల చిరునామాకు కూడా ఒక ప్రతి పంపుతున్నాను.

నేల కింద సంపద ఉన్న దేశాలు చాలావరకు నెమ్మదిగా ఎదుగుతాయనీ, తరచు తమలో తాము కొట్టుకుంటాయనీ ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. ఆ నేరంలో మీ వాటా ఎంతో తేల్చుకుందామనే ఈ లేఖ.

మీ దాయాది వజ్రం తీరు వేరు. అది గుప్పెట్లో ఇముడుతుంది, చెక్‌పోస్టు దాటుతుంది. సియెర్రా లియోన్‌లో 1991 నుంచి 2002 దాకా సాగిన అంతర్యుద్ధంలో తిరుగుబాటుదారులు వాగుల్లో జల్లెడ పట్టించిన వజ్రాలను లైబీరియాకు దాటించి తుపాకులు తెచ్చుకున్నారు. అంగోలాలో 1990లలో ప్రభుత్వం చమురు అమ్మి, తిరుగుబాటు దళం యునిటా వజ్రాలు అమ్మి, ఎవరి ఖర్చు వారే పెట్టుకుంటూ యుద్ధం నడిపారు. మీకు ఆ సౌకర్యం లేదు. మిమ్మల్ని మూటగట్టుకుని అడవిలోకి పారిపోయినవాడికి టీ ఖర్చులు కూడా గిట్టవు. మీరు కదలాలంటే పొక్లెయిన్, టిప్పర్, కాటా, రైలు, రేవు కావాలి, వీటన్నిటికీ పర్మిట్లు కావాలి. అందువల్ల ప్రభుత్వం మీద తిరగబడే శ్రమ పెట్టుకోకుండా మీరు నేరుగా ప్రభుత్వంలోనే చేరిపోయారు.

2008 ఒలింపిక్స్‌కు ముందు చైనా ఉక్కు మిల్లుల ఆకలికి మీ ధర ఆకాశాన్నంటిన రోజుల్లో సండూరు రోడ్డు పక్క చింతచెట్లకు పచ్చదనం లేదు. దండెం మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి కావిరంగు తిరిగేది. జిల్లాలో ఆ కాలంలో సన్యాసం పుచ్చుకున్నవి ఆ పంచెలు మాత్రమే. ఓబుళాపురం వైపు ఆంధ్ర, కర్ణాటక రాష్ట్రాల సరిహద్దు ఎక్కడుందో తేల్చడానికి సర్వే ఆఫ్ ఇండియా దిగవలసి వచ్చింది. బళ్ళారి ఎవరికి చెందాలని 1953కు ముందు అంతగా వాదించుకున్న మా పెద్దలు, సరిహద్దు తేలేలోపే కొండ ఓడెక్కుతుందని ఊహించి ఉండరు. 2010లో కర్ణాటక తీరంలోని బేలేకేరి రేవులో అటవీశాఖ మిమ్మల్ని లక్షల టన్నుల లెక్కన జప్తు చేస్తే, జప్తులో ఉండగానే మీరు సముద్రం దాటారు. ఇంతటి యోగశక్తి హిమాలయాల్లో కూడా అరుదు.

2011 జూలైలో కర్ణాటక లోకాయుక్త మీ వల్ల ఖజానాకు వచ్చిన నష్టాన్ని 16,085 కోట్ల రూపాయలుగా లెక్కగట్టారు. ఆ నెల ముగిసేలోపే సుప్రీంకోర్టు జిల్లాలో గనుల తవ్వకం ఆపించింది, ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. అప్పుచేసి టిప్పర్లు కొన్న రైతుల బండ్లను ఫైనాన్సువాళ్లు తోలుకుపోయారు. మీ హయాంలో వేరుశెనగ పీకడానికి కూలీలు దొరకలేదు. మీరు వెళ్లాక కూలీలకు పని దొరకలేదు.

అయినా తప్పంతా మీ నెత్తిన రుద్దలేను. నార్వేలో 1969లో చమురు పడింది. అప్పటికే అక్కడి జనం పన్నులు కట్టి, సర్కారును లెక్కలు అడగడానికి అలవాటుపడి ఉన్నారు. అందువల్ల ఆ డబ్బును నిధిగా పెట్టి, అసలు ముట్టకుండా ఏటా రాబడి మేరకే ఖర్చు పెట్టుకునే నియమం నిలబడింది. 1966లో స్వతంత్రమైన బోట్స్వానా మరుసటి ఏడాదే బయటపడిన వజ్రాలతో బడులు, రోడ్లు కట్టుకుంది. జనం పన్ను లేకుండానే ఖజానా నిండేచోట పాలకుడికి జనంతో పనేముంది? ఎన్నికలప్పుడు పంచడానికి నోట్లు చాలు, ఆ నోట్లకు మీరున్నారు. గనుల ప్రాంతాలకు వాటా దక్కాలని 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. ఆ డబ్బు లెక్క మా గ్రామసభలో ఎవరైనా చదివి వినిపిస్తే వినాలని ఉంది.

చివరగా ఒక మనవి. మాండ్య జిల్లా మార్లగల్ల దగ్గర మీ తమ్ముడు లిథియం గారు సుమారు 1,600 టన్నుల మేర ఉన్నారని సర్వేలో తేలింది. బెంగళూరు నిండా కరెంటు స్కూటర్లు తిరుగుతున్నాయి కనుక వారికి త్వరలోనే పిలుపు రావచ్చు. పైకి వచ్చేముందు పర్మిట్ మీద సంతకం ఎవరిదో, కాటా దగ్గర కూర్చునేది ఎవరో విచారించుకోమని పెద్దవారు మీరే ఒక మాట చెప్పండి. మేము చెబితే అభివృద్ధి వ్యతిరేకులం అంటారు.

ఇట్లు,
తమ ధూళి ఇంకా ఊపిరితిత్తుల్లో భద్రపరుచుకున్న విధేయుడు