కాటు పడిన వేళ కేస్ షీట్‌లో లేదు

పోయిన వానాకాలం ఒక బంధువుకు తోడుగా గుంటూరులోని ఓ ఆసుపత్రి అత్యవసర విభాగంలో రాత్రంతా కూర్చోవలసి వచ్చింది. పదకొండు దాటాక ఒక రైతును ఆటోలో తీసుకొచ్చారు. పాము కాటు. డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరు "ఎన్నింటికి కరిచిందమ్మా?" అని అడిగితే, అతని భార్య "గేదెలకు మేత వేసి వస్తుంటే డాక్టరమ్మా, అప్పటికి ఇంకా దీపాలు పెట్టలేదు" అంది. కేస్ షీట్‌లోకి ఎక్కింది మాత్రం రాత్రి 11.20. అది ఆసుపత్రి గడప తొక్కిన సమయం. పోలీసు రికార్డుకు అది చాలు.

ఆ తర్వాత డాక్టరమ్మ అతని నుంచి కాస్త రక్తం తీసి చిన్న గాజు గొట్టంలో పోసి, బల్ల మీద నిలబెట్టి, గోడ గడియారం వంక చూసి మరో మంచం దగ్గరికి వెళ్లింది. ఇరవై నిమిషాలు దాన్ని ఎవరూ కదపకూడదు. ఆపైన ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిందంటే రక్తపింజర వంటి పాము విషం పని మొదలుపెట్టిందని లెక్క. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగిందైనా ఫలితాన్ని నమ్మడానికి వీల్లేదు. ఆ గొట్టాన్ని చూస్తూ కూర్చున్నప్పుడే ఈ వైద్యంలో పరిశోధన అంతా గడియారం చుట్టూ తిరుగుతుందని నాకు తట్టింది.

క్రాష్-2 సంగతే చూడండి. గాయాలతో రక్తం పోతున్నవారికి ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే చౌక మందు పనిచేస్తుందా అని 40 దేశాల్లో 20 వేల మందికి పైగా రోగులపై చేసిన అధ్యయనం అది. మన దేశపు ఆసుపత్రులూ అందులో ఉన్నాయి. 2010లో ఫలితం వచ్చింది, మందు పనిచేస్తోంది. మరుసటి ఏడాది అవే వివరాలను గంటలవారీగా విడదీసి చూస్తే అసలు విషయం బయటపడింది. గాయమైన మూడు గంటల్లోపు ఇస్తే రక్తస్రావపు మరణాలు తగ్గుతున్నాయి, దాటాక ఇస్తే పెరుగుతున్నాయి. ప్రతి రోగికీ దెబ్బ తగిలిన వేళ రాసి ఉంచారు కనుకనే ఇది తెలిసింది. వచ్చిన వేళ మాత్రమే రాసి ఉంటే ఆ మూడు గంటల గీత ఎవరికీ కనిపించేది కాదు.

ఇలాంటి ప్రశ్నలకు గుంటూరులో కొదవా? మిరప, పత్తి పండే జిల్లా. పురుగుమందు తాగి వచ్చేవారిని చూడని డ్యూటీ డాక్టరు ఇక్కడ ఉండరు. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందుల విషానికి మామూలుగా ఇచ్చే అట్రోపిన్ మందుతో పాటు ప్రాలిడాక్సిమ్ అనే మరో మందు ఇస్తే మేలా కాదా అన్నది ఇప్పటికీ తెగని తగవు. మహారాష్ట్రలోని బారామతిలో 200 మంది రోగులపై చేసిన అధ్యయనం, మందును పెద్ద మోతాదులో ఆపకుండా ఎక్కిస్తే మరణాలు బాగా తగ్గాయని 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో చెప్పింది. 2009లో శ్రీలంక నుంచి వచ్చిన అధ్యయనానికి ఆ మేలు కనిపించలేదు. ఎవరు ఒప్పో తేల్చే అర్హత నాకు లేదు. కానీ బారామతి మహానగరమేమీ కాదు. అక్కడ జరిగింది గుంటూరులో ఎందుకు జరగలేదు?

మన డాక్టర్లకు తెలివి తక్కువై కాదు. అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక విభాగంగా భారత వైద్య మండలి గుర్తించిందే 2009లో. దారి చూపే పెద్దలు ఇంకా తక్కువ. పైగా పదోన్నతికి పేపర్ల లెక్క చూస్తారు, ఆ లెక్క ఎలాగోలా నిండుతుంది. ఏ పీజీకి ఆ పీజీ కొత్త థీసిస్, మూడేళ్లలో అది బీరువాకు చేరుతుంది. ఒకే ప్రశ్నను పట్టుకుని పదేళ్లు తిరిగేవారికి ఈ లెక్కలో చోటు లేదు.

ఒక ఆసుపత్రిలో పుట్టిన ప్రశ్న ఎంత దూరం వెళ్లగలదో చూడండి. అమెరికాలోని డెట్రాయిట్‌లో ఇమాన్యుయెల్ రివర్స్ అనే అత్యవసర వైద్యుడు 2001లో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) రోగులకు మొదటి ఆరు గంటల్లో ఏం చేయాలో ఒక పద్ధతి చెప్పాడు. 263 మంది రోగులు, ఒకే ఆసుపత్రి. మరణాలు 46.5 శాతం నుంచి 30.5 శాతానికి దిగాయి. 2014, 2015ల్లో వచ్చిన మూడు పెద్ద అధ్యయనాల్లో ఆ పద్ధతికి మామూలు వైద్యం కంటే అదనపు ఫలితం కనిపించలేదు. ఆయన ఓడిపోయాడని కొందరు అంటారు. నేను అనను. ఆ పదమూడేళ్లలో సెప్సిస్‌ను త్వరగా పట్టుకుని మందులు మొదలుపెట్టడం అన్నిచోట్లా అలవాటైంది, మామూలు వైద్యమే మెరుగుపడింది. అందులో ఆయన ప్రశ్నకూ వాటా ఉంది.

ఇక్కడ కావలసింది కోట్ల ప్రయోగశాల అని నేను అనుకోను. ప్రతి షిఫ్టులో ఒక గుమాస్తా చాలు. పక్కన కూర్చుని, "దీపాలు పెట్టకముందు" అంటే ఎన్ని గంటలో ఓపికగా అడిగి రాసే మనిషి. డాక్టరు చేతిలో సిరంజి ఉన్నప్పుడు కలం కూడా ఆమే పట్టాలంటే కుదరదు.

ఆ రాత్రి గొట్టం వంచాక రక్తం జారింది. విరుగుడు ఎక్కించడం మొదలుపెట్టాక ఆమె కోటు జేబులోంచి చిన్న డైరీ తీసి ఏదో రాసుకుంది. అడిగితే చూపించింది. కాటు పడింది సుమారు 6.30, గొట్టం నిలబెట్టింది 11.35, విరుగుడు 11.58. అలాంటి పేజీలు చాలా ఉన్నాయి. "ఆసుపత్రికి ఇస్తారా?" అన్నాను. "ఎవరూ అడగలేదండీ" అంది. వచ్చే ఏడాదితో ఆమె పీజీ అయిపోతుందట. ఆ డైరీ కూడా ఆమెతోనే వెళ్లిపోతుంది.