గుంటల లెక్క గట్టు దాకా రాదు

వరంగల్ చుట్టుపక్కల, ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ కేంద్రాల్లో పత్తి రైతుకు వణుకు పుట్టించేది తేమ మీటర్. 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే కొననే కొనరు. మీటర్ 12.6 చూపిస్తే బండి వెనక్కే. మీటర్‌ను ఎప్పుడు సరిచేశారని అడగడానికి ఎవరికీ నోరు రాదు. పాయింట్ పెట్టిన అంకెకు మన దగ్గర అంత భయం.

ఇలా అంకెను పాయింట్ల దాకా చెప్పడానికే ప్రిసిషన్ అని గొప్ప పేరు. ఆ మాట పుట్టిందేమో లాటిన్‌లో కోసేయడం, కత్తిరించడం అనే అర్థం నుంచి. బడిలో పిల్లలతో కుదించి రాయించే ప్రెసీ కూడా దాని చుట్టమే. యాక్యురేట్, అంటే ఉన్నదున్నట్టు సరిగ్గా ఉండడం, దాని వంశం వేరు. లాటిన్‌లో క్యూరా అంటే శ్రద్ధ. శ్రద్ధ పెట్టి చేసిందే యాక్యురేట్. పాడైన కాంటా పదిసార్లూ ఒకే తప్పు బరువు చూపితే అది ప్రిసైజే, యాక్యురేట్ మాత్రం కాదు.

మన భూమి రికార్డులు అచ్చంగా ఆ కాంటాయే. 2020 అక్టోబరు 29న మొదలైన తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణిలో ఎకరాలు, గుంటలు, వాటి పక్కన దశాంశాలు. చూడ్డానికి ముచ్చటే. పొలంలో దిగి కొలిచారా అంటే లేదు, పాత రికార్డుల నుంచి ఎక్కించారు. అన్నదమ్ముల పంపకాలు, తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా కొనుగోళ్లు ఎన్నో కాగితం దాటి కొలత దాకా రానేలేదు. అందుకే కొన్ని సర్వే నంబర్లలో పాస్‌బుక్కులన్నీ కూడితే నిజాం కాలపు మూల భూమి రికార్డు సేత్వార్‌లోని విస్తీర్ణాన్ని మించిపోతోంది. నేల సాగుతుందా ఎక్కడైనా?

కంప్యూటర్‌లో ఉంటే వీఆర్వో కలం ఆడదని వాదించేవారున్నారు. కొంత నిజమే. కానీ తప్పు దిద్దే దారీ దాంతోపాటే మూసుకుపోయింది. చిన్న సవరణకు కూడా రైతు కలెక్టరేట్ మెట్లెక్కాల్సి వచ్చింది.

2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టం సర్వే పటం మాట ఎత్తింది, సంతోషం. అయితే సర్వేయర్ చేతికి ఉపగ్రహ సంకేతాలతో కొలిచే రోవర్ ఇచ్చి పంపితే పనైపోదు. అది సెంటీమీటర్ల దాకా చెబుతుంది గానీ ఏ గట్టు ఎవరిదో చెప్పదు. చెప్పాల్సింది పక్క పొలం రైతు, పాత సర్వేలో గీసిన కొలతల పటం టిప్పన్, హద్దు రాయి. రెండు వైపుల వాళ్లనూ నిలబెట్టి కొలవండి, సంతకాలు పొలంలోనే పెట్టించుకోండి. తర్వాత ఎన్ని దశాంశాలు ఎక్కించుకున్నా ఎవరూ కాదనరు.